పొద్దున టీ, రాత్రి తెర

పెళ్ళిరోజు తెల్లవారుజామున ఐదున్నరకు, ముఖమ్మీద పసుపు ఇంకా వదలకముందే, నేను ఫంక్షన్ హాల్ మేడ మీదికెళ్ళి నాకు కాబోయే మొగుడితో కూర్చుని టీ తాగాను. మా ఇంట్లో సగం మందికి ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఇది చదివాక తెలుస్తుంది. తెలియనివ్వండి. పెళ్ళయి ఏడాది దాటింది, ఇంక ఎవరూ చేసేదేమీ లేదు.

పెళ్ళికి ముందు నెల రోజులు మా రెండిళ్ళల్లో నగల కన్నా, భోజనాల మెనూ కన్నా ఎక్కువ నలిగిన విషయం ఇదే. ముహూర్తానికి ముందు పిల్లా పిల్లాడూ ఒకర్నొకరు చూసుకోవచ్చా, కూడదా?

మేమేమీ ముక్కూమొహం తెలియనివాళ్ళం కాదు. మాదాపూర్‌లో ఒకే ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేశాం. అతని జ్వరం మొహం నేను చూశాను. రిలీజ్ రోజు రాత్రి రెండింటికి వాచిపోయిన నా కళ్ళు అతను చూశాడు. ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్ విరిగి టీలో పడిపోతే నేను దాన్ని స్పూన్‌తో తోడుకుని తినడం కూడా చూశాడు. ఇంతయ్యాక, పెళ్ళిరోజు పొద్దున్నుంచి రాత్రి ముహూర్తం దాకా చూసుకోకూడదట.

మాది సూర్యాపేట వైపు, వాళ్ళది భీమవరం వైపు. మావాళ్ళు ఎదుర్కోళ్ళు అంటే వాళ్ళు ఎదురు సన్నాహం అంటారు. మేం పుస్తె అంటాం, వాళ్ళు మంగళసూత్రం అంటారు. పప్పులో పులుపు దగ్గర్నుంచి పెట్టుబడి చీరల దాకా దేంట్లోనూ కుదరని మా నాయనమ్మా, మా అత్తగారూ ఈ ఒక్క విషయంలో మాత్రం ఒక్కటైపోయారు.

“పెండ్లిపిల్లను చేసినంక పిలగాడు సూడొద్దు బిడ్డా. దిష్టి తాకుతది” అంది నాయనమ్మ.

“మరి ఫోన్‌లో?”

“ఫోన్‌ల సూసుడు సూసుడెట్లయితది?”

అంటే వీడియో కాల్‌కి శాస్త్రం అడ్డు రాదన్నమాట. అక్కడే నాకు అనుమానం మొదలైంది. ఈ నియమం చూపు గురించి కాదేమో, ఇంకేదో దాని గురించేమో అని.

మూడో పక్షం ఫోటోగ్రాఫర్‌ది. ఆయనది పూర్తిగా ఎదురు వాదన. “మేడం, సాయంత్రం నాలుగింటికి ఫస్ట్ లుక్ పెడదాం. సార్ అటు తిరిగి నిలబడతారు. మీరు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యాలి. సార్ తిరిగి చూసి ఎమోషనల్ అవ్వాలి. రెండు కెమెరాలు, ఒక డ్రోన్. టీజర్‌లో అదే హైలైట్.” మావాడు ఏడవకపోతే ఎలా అని అడిగాను. “ఏడుస్తారు మేడం, అందరూ ఏడుస్తారు” అన్నాడు ధీమాగా.

ఈ ఫస్ట్ లుక్ అన్నది పాశ్చాత్యుల పెళ్ళిళ్ళ నుంచి వచ్చింది. తెల్లగౌనులో ఉన్న పెళ్ళికూతుర్ని, ఆమె చర్చిలో నడిచొచ్చేదాకా పెళ్ళికొడుకు చూడకూడదని అక్కడో ఆనవాయితీ. అది పాటిస్తే ఫోటోలన్నీ పెళ్ళయ్యాకే తీయాలి. అప్పటికి వెలుతురు పోతుంది, భోజనాల దగ్గర బంధువులు ఎదురుచూస్తుంటారు. అందుకని ముందే ఓ మూల ఇద్దర్నీ విడిగా కలిపేసి, ఆ పని కానిచ్చుకుంటున్నారు. పైగా అంత జనంలోకి వెళ్ళేముందు ఓ పది నిమిషాలు ఏకాంతం దొరుకుతుంది. వాళ్ళ లెక్క వాళ్ళకుంది, నాకు సమంజసంగానే అనిపించింది. మన దగ్గరికొచ్చేసరికి అందులోంచి ఏకాంతం పోయి, డ్రోన్ మిగిలింది.

ఇంకో తమాషా ఉంది. అంతకు ముందు ఏడాది నాగోలులో మా చిన్నాన్న కొడుకు పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. బంధువులు అప్పటిదాకా ఆగరని రిసెప్షన్ ముందే పెట్టారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ రాత్రి ఏడింటి నుంచి పదకొండింటి దాకా ఒకే సోఫాలో, భుజం భుజం తగిలేలా కూర్చుని ఐదారొందల మందితో ఫోటోలు దిగారు. ఇద్దరూ ఒకే ప్లేట్లో డబల్ కా మీఠా తిన్నారు. ఆ తర్వాత బట్టలు మార్చుకొచ్చి మధ్యలో తెర పట్టించుకున్నారు. తెర తీయగానే పెద్దవాళ్ళందరూ “ఆఁ, చూసుకో చూసుకో” అని ఒకటే గోల. ఎవరికీ అందులో ఇబ్బంది కనిపించలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కనిపించలేదు. ఆ క్షణానికి నేనూ మెడ చాచి చూశాను. నాలుగు గంటలు సోఫాలో చూసుకున్న చూపు వేరు, తెర దించాక చూసుకున్న చూపు వేరు. ఎందుకు వేరో తేల్చుకోవడమే నా అసలు సమస్య.

మా పురోహితుడు గారు ఓపికున్న మనిషి. లగ్నపత్రిక రోజు ఆయన్నే అడిగాను, చూసుకోకూడదని ఎక్కడైనా ఉందా అని. ఆయన నవ్వి, “చూడమనే ఉందమ్మా” అన్నారు. మన పురోహితుల్లో చాలామంది పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రంలో (ఇంటి కర్మల పద్ధతి చెప్పే పాత గ్రంథం అది) పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని చూడటమే ఒక క్రియ. దాన్ని సమీక్షణం అంటారు, దానికి మంత్రం కూడా ఉంది. రుగ్వేదం పదో మండలం 85వ సూక్తం సూర్య అనే వధువు పెళ్ళి గురించి. ఈ మంత్రం అందులోది, ‘అఘోరచక్షుః’ అని మొదలవుతుంది. నీ చూపు తీక్షణంగా కాక చల్లగా ఉండాలని దాని భావం. చదివేది పెళ్ళికొడుకు, మాట్లాడేది మాత్రం పెళ్ళికూతురి కళ్ళ గురించి. అంటే ఆమె కూడా తననే చూస్తోందని ఆ మంత్రం కట్టినవాళ్ళు ముందే అనుకున్నారు. (ఆ వెంటనే వచ్చే మాటకి ‘మొగుణ్ణి చంపనిదానివై’ అని అర్థం. దాని మీద ఇంకోసారి తీరిగ్గా పోట్లాడతాను.) అదే సూక్తంలో పెళ్ళికొచ్చిన వాళ్ళనుద్దేశించి ‘ఇమాం సమేత పశ్యత’ అని ఉంది. అందరూ కలిసొచ్చి ఈమెను చూడండి అని. దిష్టి భయం ఉన్నవాళ్ళు అనే మాటేనా అది?

పురోహితుడు గారి మాట నాకు నచ్చింది కదా అని ఆయన చెప్పిందే వేదం అనడం లేదు. ఆచారం గ్రంథాల్లోంచే రానక్కర్లేదు, నాయనమ్మల నోట్లోంచి కూడా వస్తుంది. కానీ ‘చూడొద్దు’ అన్నదాన్ని శాస్త్రం పేరుతో చెప్పడం మాత్రం కుదరదు. చట్టం పేరుతో అసలే కుదరదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్‌లో సప్తపది గురించి ఉంది. సప్తపది ఉన్న పెళ్ళిళ్ళలో ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టు. ఆ ఏడు అడుగులకి ముందు ఎవరు ఎవర్ని చూశారన్నది దానికి పట్టదు.

ఇంతకీ తెర ఎందుకు? దీని జవాబు నాకు పెళ్ళిమంటపంలో కన్నా ముందు మా పాత ఇంటి పక్కింట్లో దొరికింది.

నా చిన్నప్పుడు మేం మలక్‌పేటలో అద్దెకుండేవాళ్ళం. పక్కింటి వాళ్ళమ్మాయిని నేను ఆపా అని పిలిచేదాన్ని. ఆమె నికా రోజు ఖాజీగారు, పెళ్ళికొడుకూ మగవాళ్ళ వైపు కూర్చున్నారు. ఆపా ఆడవాళ్ళ గదిలో ఉంది. వకీలూ (అంటే లాయరు కాదు, పెళ్ళికూతురి తరఫున మాట్లాడే మనిషి) సాక్షులూ ఆమె దగ్గరికి వచ్చి ఒప్పుకోలు అడిగి వెళ్ళారు. అక్కడికి పెళ్ళయిపోయింది, మొహాలు మాత్రం చూసుకోలేదు. తర్వాత జల్వా జరిగింది. వేరేచోట్ల దాన్నే ఆర్సీ ముస్‌హఫ్ అంటారట. ఇద్దర్నీ కూర్చోబెట్టి, తలల మీద ఎర్ర దుపట్టా కప్పి, ఖురానూ అద్దమూ పెట్టారు. ఇద్దరూ వంగి ఆ అద్దంలో చూడాలి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, దుపట్టా కొస పట్టుకునే పని నాకిచ్చారు. అద్దంలో ఆయనకి ఆపా మొహం, ఆపాకి ఆయన మొహం ఒకేసారి కనిపించాయి. ముందు ఆయన చూసి తర్వాత ఆమె చూడ్డమన్నది అక్కడ కుదరదు. అద్దానికి అది చేతకాదు.

ఆఫీసులో మా బెంగాలీ స్నేహితురాలు వాళ్ళ శుభదృష్టి గురించి చెప్పినప్పుడూ ఇదే గుర్తొచ్చింది. పెళ్ళికూతురు తమలపాకులు మొహానికి అడ్డం పెట్టుకుని వస్తుంది, తనే వాటిని తీసి చూస్తుంది. మరాఠీవాళ్ళకి అంతర్‌పాట్ ఉంది, దాదాపు మన తెర లాంటిదే. ఇన్ని రకాల జనం, ఇన్ని భాషలు, అందరూ ఒక గుడ్డముక్కో, ఆకో, అద్దమో పట్టుకుని ఒకటే పని చేస్తున్నారు. చూపుని ఆపడం కాదు వీళ్ళ ఉద్దేశం, ఇద్దరి చూపూ ఒక్కసారే మొదలయ్యేలా చెయ్యడం.

పెళ్ళిచూపుల సంగతి తల్చుకోండి, తేడా ఇట్టే తెలుస్తుంది. అబ్బాయి సోఫాలో కూర్చుని ఉంటాడు. అమ్మాయి ట్రేలో కాఫీ పట్టుకొస్తుంది. అబ్బాయి చూస్తాడు, వాళ్ళమ్మ చూస్తుంది, వాళ్ళ మేనత్త ఇంకాస్త ఎక్కువ చూస్తుంది. అమ్మాయి చూడబడుతుంది. మా అమ్మని 1987లో అలాగే చూశారు. “మీ నాన్న చొక్కా జేబులో పెన్ను కనపడింది నాకు, మొహం కాదు” అంటుంది తను ఇప్పటికీ. నిశ్చయమయ్యాక మా నాన్న మాత్రం స్కూటరేసుకుని ఏదో పనున్నట్టు రెండుసార్లు వాళ్ళ వీధిలోంచి వెళ్ళాడట. మళ్ళీ చూసింది ఆయనే. ఆమె వంతు రాలేదు.

ఇప్పుడు ఫోటోగ్రాఫర్ గారి ఫస్ట్ లుక్ చూడండి. ఒకరు అటు తిరిగి నిలబడాలి. ఇంకొకరు అలంకరించుకుని నడిచొచ్చి, తనని చూడ్డం కోసం ఎదురుచూడాలి. అతని మొహంలో ఏం పలికిందో కెమెరా పట్టుకుంటుంది, అది మార్కుల పత్రం. ట్రే లేదు, కాఫీ లేదు, అంతే. అవి పెళ్ళిచూపులే, డ్రోన్ పెట్టి తీసిన పెళ్ళిచూపులు.

తెర దగ్గర అలా కాదు. ఇద్దరూ ఎదురెదురుగా ఒకే ఎత్తులో కూర్చుంటారు. అతనికీ కనపడదు, ఆమెకీ కనపడదు. ఇద్దరి చేతుల్లోనూ తమలపాకులో జీలకర్ర బెల్లం. ముహూర్తం సరిగ్గా రాగానే ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు. అతని చెయ్యి ఆమె తల మీద, ఆమె చెయ్యి అతని తల మీద. అప్పుడు తెర దిగుతుంది. (జీలకర్ర బెల్లం కలిస్తే విద్యుత్తు పుడుతుందని వాట్సాప్‌లో తిరిగే సైన్సు జోలికి నేను పోను. నాకు తెలిసి పుట్టేది జిడ్డు.) కన్యాదానంలో ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ఉంటారు. మూడుముళ్ళు అతనే వేస్తాడు. అప్పగింతల్లో ఆమె ఒక్కతే ఇల్లు వదిలి వెళ్తుంది. ఆ పెళ్ళి మొత్తంలో ఇద్దరూ సరిసమానంగా ఉండేవి నాకు తెలిసి రెండే. ఒకటి తలంబ్రాలు, రెండోది ఈ తెర.

అందుకని నేను తెర వదులుకోదల్చుకోలేదు. బేగంబజార్ వెళ్ళి నేనే కొనుక్కొచ్చాను. పేర్లు కుట్టినవి, పల్లకీ బొమ్మలున్నవి, మగ్గం వర్క్ చేసినవి ఎన్నో చూపించారు. చివరికి పసుపురంగు అంచున్న సాదా తెల్లబట్ట తీసుకున్నాను. షాపతను నన్ను జాలిగా చూశాడు.

మరి తెర మీద అంత గురి ఉన్నదాన్ని, పొద్దున్నే వెళ్ళి టీ ఎందుకు తాగాను?

ఎందుకంటే పెళ్ళిరోజు అవతలి మనిషి మొహం కన్నా ముందు వాళ్ళ మాట అవసరం పడుతుంది. ఆ రోజు ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి ఏ కబురు వెళ్ళాలన్నా ఇరవై నోళ్ళు దాటి వెళ్తుంది. బయల్దేరినప్పుడు ఆవగింజ, చేరేటప్పటికి గుమ్మడికాయ. ముందురోజు రాత్రి మగపెళ్ళివారి విడిదికి పంపిన ఉప్మా చల్లారిపోయింది. జరిగిందంతే. వంటవాళ్ళ తప్పు, మా తప్పు, లిఫ్టు తప్పు, ఏదైనా అనుకోండి. అది నాకు చేరేటప్పటికి “వాళ్ళ బాబాయిగారు భోజనం మానేసి కూర్చున్నారట, ఎదుర్కోళ్ళకి రానన్నారట” అయింది. మా నుంచి అటు వెళ్ళింది ఏమిటో తర్వాత తెలిసింది: “అమ్మాయి వాళ్ళ నాన్న, తింటే తినమను లేకపోతే లేదన్నాడట.” మా నాన్న జీవితంలో ఎవర్నీ అంత మాటనలేదు. ఆయన అప్పటికి బీపీ మాత్ర వేసుకుని నిద్రపోతున్నాడు.

ఐదింటికి మావాడి నుంచి మెసేజ్ వచ్చింది, “పైన ఉన్నా, టీ ఫ్లాస్కు ఉంది” అని. అతని మెడ మీద పసుపు చారలు, లుంగీ, పైన ఆఫీసు టీ షర్టు. ఇద్దరం వాటర్ ట్యాంకు పక్కన గట్టు మీద కూర్చున్నాం. కింద ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ప్రేమ మాటలేవీ లేవు, అంతా ఉప్మా గురించే. బాబాయికి షుగర్ ఉందని, రాత్రి ఎనిమిదికల్లా తినాలని, చల్లారిందని కాక ఆలస్యమైందని కోపమని అతను చెప్పాడు. నాన్న ఆ మాట అనలేదని నేను చెప్పాను. పొద్దున ఏడింటికి బాబాయి గదికి మా నాన్నే స్వయంగా వేడి వేడి పెసరట్టు తీసుకెళ్ళాలని తేల్చుకున్నాం. ఇరవై నిమిషాల్లో కిందికి దిగిపోయాం. ఆ ఇరవై నిమిషాలు లేకపోతే నా పెళ్ళి వేరేగా జరిగేదని ఇప్పటికీ నమ్ముతాను.

చూసుకోవద్దనే నియమం వెనక నేను అనుమానించిన ‘ఇంకేదో’ ఇదే. చూపుకి దిష్టి తగులుతుందని కాదు, పిల్లలిద్దరూ నేరుగా మాట్లాడేసుకుంటే మధ్యవాళ్ళకి పనుండదు. మా అత్తగారు ఒప్పుకోరు కానీ, ఆవిడ కబుర్ల తపాలా ఆఫీసు ఆ రోజు పొద్దున మూతపడింది. ఆవిడకి అది బాధే, నాకు అర్థమవుతుంది.

అందరికీ ఇదే నప్పుతుందని అనను. నా స్నేహితురాలొకతి డల్లాస్‌లో ఉద్యోగం చేసే అబ్బాయిని చేసుకుంది. వీసా పనులు తెమలాలని ఆరు నెలల ముందే ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకున్నారు. ముప్ఫై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, ఒకరికొకరు ఎదురుగా నిలబడి ఒప్పుకున్నట్టు చెప్పడం, అన్నీ అయ్యాయి. అతను మర్నాడే విమానమెక్కాడు. మళ్ళీ పెళ్ళికి రెండు రోజుల ముందు దిగాడు. చట్టం లెక్కలో మొగుడూ పెళ్ళాలు, ఇంటి లెక్కలో ఇంకా పెళ్ళి కావాల్సినవాళ్ళు. ఆ రెండు రోజులూ చూసుకోకుండా ఉందామని వాళ్ళిద్దరే అనుకున్నారు, పెద్దవాళ్ళు చెప్పలేదు. ఆరు నెలలు స్క్రీన్ మీద చూసి చూసి విసుగొచ్చిందట. “నిజం మనిషిని మొదట చూడ్డం ఎయిర్‌పోర్టులో ట్రాలీల మధ్య వద్దనిపించింది” అంది. ఆ మాటకి నా దగ్గర ఎదురు లేదు. ఆగాలనుకున్నది వాళ్ళు. ఆగమన్నది ఇంకెవరో అయితే నా గొంతు ఇంకోలా ఉండేది.

మా తెర సంగతి కూడా చెప్పాలి. ముహూర్తం రాత్రి 9 గంటల 52 నిమిషాలకి. మా మేనమామలు ముగ్గురూ ఆయాసపడుతూ నన్ను బుట్టలో మోసుకొచ్చి కూర్చోబెట్టారు. తెర నాకు రెండు జానల దూరంలో ఉంది. అవతలి నుంచి అతను గొంతు సవరించుకోవడం వినపడింది. పొద్దున చూసిన మొహమేగా అనుకున్నాను కానీ, నా చెయ్యి వణికింది. చెయ్యి పెట్టాక అతని తల వెచ్చగా తగిలింది. పురోహితుడు గారి గొంతు పెరిగింది, మేళం పెరిగింది, తెర దిగింది.

బెల్లం నీరు అతని నుదుటి మీంచి కారి కనుబొమలో ఆగింది. అతను నన్ను చూశాడు, నేనూ చూశాను. తెర కొస పట్టుకుని నిలబడ్డ మనిషి మీదికి నా చూపు ఒక్క క్షణం జారింది. ఉప్మా బాబాయి! మావాడు నా చూపు పట్టుకున్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. అంత మంత్రాల మధ్య, ఒకరి నెత్తిన ఒకరం చేతులు పెట్టుకుని పగలబడి నవ్వాం.

“సార్, తెర మళ్ళీ ఒక్కసారి పట్టుకోండి, ఎమోషన్ రాలేదు” అని ఫోటోగ్రాఫర్ అరిచాడు. పురోహితుడు గారు ఆయన వైపు ఒక చూపు చూశారు. అది అఘోరచక్షువు కాదు.

మూడు నెలలకి ఆల్బమ్ వచ్చింది. నాయనమ్మ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. తెర ఫోటో దగ్గర ఆగింది.

“నీ పెళ్ళికి తెర పట్టిన్రా నాయనమ్మా?”

“పట్టిన్రు. మీ తాత అన్న కండువానే అడ్డం పెట్టిన్రు.”

అది 1956. ఆమెకి పదిహేనేళ్ళు.

“తెర తీసినంక తాతను చూసినవా మరి?”

“యాడ సూసుడు? తల ఎత్తితే మా అమ్మ గిచ్చుతుండె. కాళ్ళు సూసిన. ఎడమ కాలు బొటనేలుకు గోరు లేదు.” ఆల్బమ్ మూసి పక్కన పెట్టింది. “ఆళ్ళు నలుగురన్నదమ్ములు. మూడో దినం పొద్దుగాల నలుగురు వాకిట్ల కూసున్నరు, అందరు ఒక్క తీరే ఉన్నరు. మీ తాతకు చెంబుల నీళ్ళియ్యమన్నది మా అత్త. ఎవరికియ్యాలె? తల వంచుకుని ఒక్కొక్కల కాళ్ళు సూసుకుంట పోయిన. గోరు లేని కాలు కాడ చెంబు పెట్టిన.”